షుగర్ ఉన్నవాళ్ల రక్తం తియ్యగా ఉంటుందని దోమలు వాళ్లనే ఎక్కువ కుడతాయా?

తీపి కోసమైతే కుట్టవు. మా అత్తయ్య ఇరవై ఏళ్లుగా మీలాగే అంటున్నారు కాబట్టి లెక్కతో చెబుతాను. షుగర్ 300 ఉందంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 0.3 గ్రాములు. మీ చిన్న కప్పు టీలో చెంచాడు పంచదార దానికి పదిహేను రెట్లు.

పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో డెంగీ దోమలు పెంచాను. పది శాతం పంచదార నీళ్లలో ముంచిన దూది బోనులో పెడితే మగా ఆడా అన్నీ దాని మీదే. తీపి కావాలంటే వాటికి అది ఉంది. రక్తం ఆడదోమకే, అదీ గుడ్ల కోసం.

ఓసారి రక్తం బదులు ఉప్పునీళ్లు తాగించే ప్రయోగం నా నెత్తిన పడింది. గాజు గిన్నె అడుగున పారాఫిల్మ్ అనే పలుచటి మైనపు పొర సాగదీసి బిగించి, చుట్టూ 37 డిగ్రీల వేడినీళ్లు తిప్పి, బోను మీద ఊపిరి ఊదాను. బిలబిలమంటూ వచ్చి వాలాయి. సూది దించడం, తీసేయడం, పక్కకు జరిగి మళ్లీ దించడం. అరగంటైనా ఒక్క పొట్టా ఉబ్బలేదు. నాకు టెన్షన్. సీనియర్ అక్క వచ్చి "ఏటీపీ కలిపావా?" అంది. లేదు, ఫ్రీజర్‌లోనే ఉండిపోయింది! కలిపాక చూడాలి, పది నిమిషాల్లో పొట్టలన్నీ గాజుపూసల్లా మెరిశాయి. ఎరుపు లేదు కదా, లోపలి నీళ్లు కనిపిస్తున్నాయి.

ఏటీపీ అంటే కణాల్లో శక్తిని మోసే పదార్థం, రక్తకణాల్లో పుష్కలం. దోమకు అదే 'ఇది రక్తమే, తాగు' అనే కబురు. 2020లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో లెస్లీ వోషాల్ బృందం ఆ సూది కొసలోనే రుచి నాడులున్నాయని చూపించింది. గ్లూకోజు, ఉప్పు, వంట సోడా, ఏటీపీ, ఈ నాలుగింటి కలయికతో రక్తాన్ని పోల్చుకుంటాయట. పూలతేనెలో మాత్రమే ఉండే చక్కెరలకు ఆ నాడులు దాదాపు పలకవు.

సికింద్రాబాద్‌లో 1897లో, మలేరియాకూ దోమకూ ఉన్న లంకెను కనిపెట్టిన డాక్టరు రోనాల్డ్ రాస్ మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను దోమలతో కుట్టించుకోమని, దోమకు అణా చొప్పున ఇచ్చాడు. మా స్టైఫండ్ మాత్రం మూడు నెలలకోసారి. పోనీలెండి.

ఇక మనిషిని ఎంచుకునేది వాసన చూసే. మన ఊపిరి, చెమట, ఒంటి వేడి పట్టుకుని వస్తాయి. నోటితోనే కాదు, కాళ్లతోనూ రుచి చూస్తాయి. డీట్ అనే దోమల మందు ఉన్న క్రీము రాసిన చర్మం మీద కాలు పెట్టగానే లేచిపోయేది అందుకే. మనవాళ్లేమో మోచేతికి బొట్టు పెట్టినట్టు రాసుకుని, మడమ మీద కుట్టిందని కంపెనీని తిడతారు.

ఇదంతా అత్తయ్యకు చెప్పాను. "అవి ల్యాబులో పెరిగినవమ్మా, వాటికేం రుచి తెలుసు" అన్నారు.