ఏ పేజీలు పొడుగ్గా ఉన్నాయో చూసుకున్నావా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. బి.ఎస్సీ. కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో ఎంపీసీ. మా నాయన కొండకు టాక్సీ తోలుతాడు. రెండేళ్ళ కిందట సెలవుల్లో సెల్‌ఫోన్ షాపులో పనిచేసి, వచ్చిన డబ్బుతో ఒక సీనియర్ దగ్గర పాత గిటార్ 3,500 రూపాయలకు కొన్నాను. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. రోజూ ఏం వాయించానో, ఆ రోజు ఏమనిపించిందో నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఈ ఏడాది నా టార్గెట్లు నాలుగు. సంక్రాంతికల్లా ఎఫ్ మేజర్ బార్ కార్డు (చూపుడు వేలు తీగలన్నిటికీ అడ్డంగా అదిమి, కొన్ని స్వరాలు కలిపి మోగించేది) శుభ్రంగా పలకాలి. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ గిటార్ పరీక్ష, గ్రేడ్ 5 పాసవ్వాలి. ఒక్కసారైనా స్టేజీ ఎక్కాలి. డిగ్రీ మానేసైనా సరే చెన్నైలో మ్యూజిక్ కాలేజీలో చేరాలి. నాయనేమో బ్యాంకు కోచింగ్‌కు పొమ్మంటున్నాడు. నాకు 20 ఏళ్ళు, ఆలస్యమైపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. నోట్‌బుక్కులో 12 పేజీలు ఫోటో తీసి పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: నీ ఉత్తరం ఒకసారి చదివాను. నోట్‌బుక్కు పేజీలు మాత్రం మూడుసార్లు చదివాను. ఉత్తరం రాసిన కుర్రాడు ఒకడు, నోట్‌బుక్కు రాసిన కుర్రాడు ఇంకొకడు అనిపించింది. నా జవాబు ఆ రెండోవాడికి.

ఎందుకో లెక్క చెప్తాను. 'స్టేజీ ఎక్కాలి' అన్న మాట ఆ పేజీల్లో రెండు చోట్లే ఉంది, రెండు చోట్లా ఒక్క లైనే. ఎఫ్ మేజర్ సంగతి దాదాపు రోజూ ఉంది, అదీ ఒక్క లైనే: 'ఇయ్యాల కూడా రెండో తీగ మూగ.' వినాయక చవితి రోజుది మాత్రం రెండున్నర పేజీలు! మీ వీధి పందిట్లో పిల్లలు పాడుతుంటే మైకు కుయ్యిమని అరవడం, ఆపరేటర్ టీకి పోయి కనబడకపోవడం, నువ్వు పోయి పాడేవాళ్ళ వెనకున్న స్పీకర్ బాక్సును మైకుల ముందుకు జరపడం, అరుపు ఆగడం. అంతటితో వదిలిపెట్టలేదు. ఎందుకు ఆగిందో మర్నాడు వెతికి తెలుసుకున్నావు. మైకులో పడిన శబ్దం స్పీకర్‌లోంచి వచ్చి, మళ్ళీ అదే మైకులో పడి చుట్టూ తిరుగుతూ పెరిగిపోతుందనీ, పాడేవాళ్ళు వాడే ఆ రకం మైకు ముందు వైపు శబ్దాన్ని గట్టిగా, వెనక వైపుది బాగా తక్కువగా పట్టుకుంటుందనీ రాసుకుని, ఆ మైకు శబ్దం పట్టుకునే తీరును గుండె ఆకారంలో బొమ్మగా కూడా వేశావు. ఇదంతా గిటార్ టార్గెట్లలో లేదు. ఎవరూ చేయమనలేదు.

పొడుగైన పేజీ ఇంకొకటుంది. ఇంటి ఓనరు మనవరాలికి కార్డులు నేర్పిన సాయంత్రం. 'ఆ పాప వేళ్ళు చిన్నవి. అందుకని జి కార్డును సన్న తీగలు నాలుగింటి మీదే, ఒక్క వేలుతో పట్టించాను' అని రాశావు. ఆ సులువు నీకెవరు చెప్పారో గానీ, గిటార్ బాగా వాయించేవాళ్ళు చాలామంది పిల్లలకు చెప్పేటప్పుడు అంత దూరం ఆలోచించరు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట కీబోర్డు వాయించే ఒకబ్బాయి ఇదే ప్రశ్నతో వస్తే, 'ముందు ఉద్యోగం చూసుకో, దీన్ని హాబీగా పెట్టుకో' అని చెప్పి పంపేశాను. వాడు గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, 'హాబీ అంటే రోజుకు ఎన్ని గంటలు సార్?' అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కౌన్సెలర్లం ఆ మాట బద్ధకం కొద్దీ వాడేస్తుంటాం. అందుకే నీకు ఆ మాట చెప్పను.

డిగ్రీ సంగతి ముందు తేల్చుకుందాం. మానొద్దు. మీ నాయన కోసం కాదు, నీ కోసమే. నీ పొడుగు పేజీ సౌండ్ మీదే కాబట్టి చెప్తున్నాను: పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ మీద మూడేళ్ళ కోర్సుంది. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ సంస్థలోనూ సౌండ్ కోర్సుంది. రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. ప్రవేశ పరీక్ష రాయాలంటే ఏదో ఒక డిగ్రీ ఉండాలి. పుణెలో సౌండ్‌కు ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్ కూడా అడుగుతారు. నువ్వు ఎంపీసీ. అంటే ఆ తలుపు తాళంచెవుల్లో ఒకటి నీ జేబులోనే ఉంది, రెండోది ఇంకొన్ని నెలల్లో చేతికొస్తుంది. ఇప్పుడు డిగ్రీ వదిలేస్తే ఆ తలుపు నీకు నువ్వే మూసుకున్నట్టు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అది దాచను. ఫీజులు, అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో నువ్వే చూసుకో, ఎవరో చెప్పింది నమ్మొద్దు.

పుణె దాకా పోకముందే తిరుపతిలో చూడాల్సింది చాలా ఉంది. మనూళ్ళో కల్యాణ మండపాలకూ, పందిళ్ళకూ కొదవ లేదు. మంచి పేరున్న సౌండ్ ఆపరేటర్ ఒకరిని పట్టుకుని, శని ఆదివారాలు వెంట వస్తానని అడుగు. మొదటి నెల కేబుళ్ళు చుట్టిస్తారు, బాక్సులు మోయిస్తారు. చిన్నతనం అనుకోకు. కేబుల్ చుట్టడం చేతకానివాడిని మిక్సర్ దగ్గరికి ఎవరూ రానివ్వరు. జనరేటర్ మీద నడిచే పందిట్లో ఎర్తింగ్ చూసుకోవడం, గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని మిక్సర్‌లో పెంచే మోతాదు) ఎంత పెంచాలో, ఎక్కడ ఆపాలో, ఇవి వీడియోలు చూస్తే పట్టుబడవు. ఈ పనిలో డబ్బు ముహూర్తాలను బట్టి వస్తుంది. ఆషాఢంలో, మూఢం ఉన్న రోజుల్లో పెళ్ళిళ్ళుండవు, అప్పుడు చేతిలో పైసా ఆడదు. ఆ ఖాళీని ఎలా దాటుతారో ఆ ఆపరేటర్‌నే అడుగు, నాకంటే బాగా చెప్తాడు. ఇంకొకటి, చెవులు జాగ్రత్త. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు గడపడమే హద్దు అంటారు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. పెళ్ళి బ్యాండు పక్కన, డీజే బాక్సు ముందు ఎంత మోత ఉంటుందో నీకు తెలుసు. ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో. రేపు స్టూడియోలో కూర్చున్నా, గిటార్ పట్టినా పెట్టుబడి ఆ రెండు చెవులే.

చెన్నై సంగతి. కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీని ఏ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టారు. నీ కల అలాంటి చోటే అని పేజీలు చూస్తే అర్థమవుతోంది. కానీ రెండేళ్ళుగా నువ్వు ఒంటరిగా గదిలో వాయిస్తున్నావు. నలుగురితో కలిసి ఒక్క పాటైనా మొదలు నుంచి చివర దాకా వాయించిన రోజు ఆ 12 పేజీల్లో లేదు. అది లేకుండా లక్షలు పెట్టి చేరడం నాకు నచ్చదు. ముందు ఒక రోజు పొద్దున్నే రైలెక్కి పోయి చూసి రా. మూడున్నర గంటల ప్రయాణం, రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. అక్కడి విద్యార్థులు వాయిస్తుంటే విను. తర్వాత నీ నోట్‌బుక్కులో ఎన్ని పేజీలు రాస్తావో చూద్దాం.

ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకు వరసగా ఒకటి నుంచి ఎక్కాల్సిన పని లేదు, నేరుగా ఐదే రాయొచ్చు. వందకు 60 పాస్, 75 మెరిట్, 87 డిస్టింక్షన్. క్లాసికల్ గిటార్ వేరు, రాక్ అండ్ పాప్ వేరు, నీ దగ్గరున్న గిటార్‌కు ఏది సరిపోతుందో చూసుకుని ఫీజు కట్టు. ఆ సర్టిఫికెట్ ఒక్కటే ఎవరికీ ఉద్యోగం ఇవ్వదు. పిల్లలకు చెప్పాలనుకుంటే మాత్రం తల్లిదండ్రులు అడిగే మొదటి కాగితం అదే.

ఇక ఎఫ్ మేజర్. తప్పు నీ వేలిదో గిటార్‌దో ముందు తేల్చు. 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత ఎత్తుందో స్కేలు పెట్టి కొలువు. మూడు మిల్లీమీటర్లు దాటితే రిపేరు చేసే మనిషికి చూపించు, పాత గిటార్లకు ఈ జబ్బు మామూలే. అదే బార్ ఆకారాన్ని ఐదో ఫ్రెట్ దగ్గర పట్టు, అక్కడ తీగలు అంత బిర్రుగా ఉండవు. అక్కడ రెండో తీగ పలికితే వారానికో ఫ్రెట్ చొప్పున కిందికి దిగు. చూపుడు వేలిని బల్లపరుపుగా కాకుండా కొంచెం పక్కకు వాల్చి పట్టు. సంక్రాంతి గడువు మాత్రం కొట్టేయి. గడువు పెట్టుకుని రోజూ 'మూగ' అని రాసుకోవడం వల్ల వేలు కదల్లేదు, నీకు నిద్ర తగ్గింది. అది కూడా నువ్వే రాశావు.

గడువు బదులు ఒక మనిషిని పెట్టుకో. పాడే మనిషిని. మనూళ్ళో ఏ కాలేజీలో వెతికినా అన్నమయ్య పాటలు పాడేవాళ్ళు దొరుకుతారు. వాళ్ళు 'నాది ఐదున్నర శ్రుతి' అంటారు, నువ్వు తెల్లమొహం వేయకూడదు. ఒకటి అంటే సి, రెండు అంటే డి, ఐదు అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) మొదటి ఫ్రెట్‌కు బిగించి జి స్కేలు ఆకారాలు పట్టావంటే శ్రుతి కలిసిపోతుంది. శంకరాభరణం నీకు తెలిసిన మేజర్ స్కేలే. మోహన ఐదు స్వరాల రాగం, అందులో మధ్యమం (మ) లేదు. సి ని షడ్జమంగా (స) పెట్టుకుని మోహన పాడేవాళ్ళ వెనక ఎఫ్ కార్డు వేస్తే, లేని మధ్యమం వచ్చి పడుతుంది, పాడేవాళ్ళు నీ వైపు ఒక చూపు చూస్తారు. నువ్వు కుస్తీ పడుతున్న ఆ ఎఫ్, అక్కడ అక్కర్లేనే లేదు!

ఇది పట్టుబడాలంటే సరళీ స్వరాలు, జంట స్వరాలు గొంతుతో పాడి నేర్చుకోవాలి. ఎస్వీ సంగీత నృత్య కళాశాల మనూళ్ళోనే ఉంది. గిటార్ కోసం కాదు, గాత్రం కోసం పోయి అడుగు. రాగిరేకుల మీద అన్నమయ్య పాటలకు రాగం పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. మనం ఈ రోజు వింటున్న వరసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. ఈ మాట తెలిశాక నాకు ఆ పాటలు ఇంకో రకంగా వినబడ్డాయి, నీకూ అలాగే ఉంటుందేమో.

'గిటార్ మనది కాదు' అని మీ నాయన అన్నాడని ఒక పేజీలో ఉంది. వయొలిన్ కూడా మనది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చారంటారు. ఇప్పుడది లేకుండా కచేరీ ఉందా? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ చేతిలో మాండొలిన్‌కూ అదే జరిగింది. గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించే ప్రసన్న ఐఐటీ మద్రాసులో నేవల్ ఆర్కిటెక్చర్ చదివాకే అమెరికాలో సంగీతం చదువుకున్నారు. మీ నాయనకు ఈ చివరి ముక్క బాగా నచ్చుతుంది.

ఆయన చెప్పే బ్యాంకు మాటను కూడా తీసిపారేయకు. బ్యాంకు ఆఫీసర్ల ఎంపికకు పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్షకు 20 నుంచి 30 ఏళ్ళ వరకూ అర్హత ఉంది. నీకిప్పుడే మొదలైంది. అంటే సౌండ్ పని ఏడాది చూసి, నచ్చకపోతే కోచింగ్‌లో చేరినా మునిగిపోయేదేమీ లేదు. ఆలస్యమైందా అన్నావు. గిటార్‌కు కాలేదు, బ్యాంకుకూ కాలేదు.

ఆ కీబోర్డు అబ్బాయి అడిగిన దానికి ఇప్పుడు నా జవాబు ఇది. రోజుకు ముప్పావు గంట. అందులో పావుగంట మెట్రోనోమ్ (తాళానికి టిక్ టిక్‌మనే యాప్) పెట్టి బాగా నెమ్మదిగా. వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు విను, అదే రోజు వినొద్దు. ఆదివారం పాడే మనిషితో ఒక గంట. ఓనరు మనవరాలి పాఠం మానొద్దు, ఇంకో పిల్లో పిల్లాడో తోడైతే నెలకు ఇంత అని అడగడానికి మొహమాటపడొద్దు.

చివరిగా ఏడో పేజీ సంగతి. 'నాయన రాత్రంతా ట్రిప్పులు కొట్టి వచ్చి పడుకున్నాడు. చప్పుడు కాకుండా బ్రిడ్జి దగ్గర తీగల కింద చేతిరుమాలు దోపి వాయించా' అని రాసుకున్నావు. ఆ పేజీ ఆయనకు చూపించు. చదివే తీరిక లేదంటాడేమో. కొండ మీది నుంచి ఖాళీగా దిగే ట్రిప్పు ఏదో ఒకటి ఉంటుంది కదా, ముందు సీట్లో కూర్చుని నువ్వే చదివి వినిపించు.