రెండు రూపాయల వడ్డీతో అమెరికా చదువా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. కిరాణా షాపు ఉంది. ఇంటి ఖర్చులు 30 వేలు పోను నెలకు 25 వేలు మిగులుతాయి. మా అబ్బాయికి అమెరికాలో ఎంఎస్ సీటొచ్చింది. రెండేళ్లకు 40 లక్షలు కావాలి. 9 లక్షల ఎఫ్‌డీ తీసేసి, బంగారం మీద 11 లక్షలు తెచ్చి, మిగతా 20 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తీసుకుందామనుకుంటున్నాం. సొంతిల్లు ఉన్నా బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక లేదు. అబ్బాయి పార్ట్‌టైమ్ చేసి వడ్డీ పంపుతానంటున్నాడు.

జవాబు: ఆ 20 లక్షలు తేవద్దు. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇదే లెక్క వేసుకొస్తున్నారు. అందుకే గట్టిగా చెబుతున్నాను.

20 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 40 వేలు. మీకు మిగిలేది 25 వేలు. బంగారం వడ్డీ కలపకుండానే మొదటి నెల నుంచి 15 వేలు తక్కువ. రెండేళ్లలో 9.60 లక్షలు కట్టాక కూడా అసలు అలాగే ఉంటుంది.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. ఆ పనైనా అందరికీ దొరకదు. ఇక్కడి నుంచి వడ్డీ కోసం ఫోన్లు వెళ్తుంటే పిల్లలు అనుమతి లేకుండా బయట పనుల్లో చేరతారు. పట్టుబడితే చదువు ఆగిపోతుంది, అప్పు ఇంటి మీద ఉంటుంది.

ఇంతకన్నా నన్ను భయపెట్టింది ఆ ఎఫ్‌డీ. మీ ఇంట్లో అక్కరకొచ్చే డబ్బు అదొక్కటే. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు రాని ఏడాది షాపులో ఉద్దెర ఎంత వసూలవుతుందో మీకు తెలుసు. ఆ ఏడాదే ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ పడితే? అబ్బాయి ఉన్నపళంగా తిరిగి రావాల్సి వస్తే? మామూలుగా ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. రాబడి షాపు ఒక్కటే, బిడ్డేమో దూరదేశంలో. కాబట్టి మీకు ఏడాది ఖర్చు 3.60 లక్షలు, దాని మీద మరో 1.40 లక్షలు కావాలి. ఆ 5 లక్షలను లక్ష చొప్పున ఐదు ఎఫ్‌డీలుగా వేయండి, అవసరమైనప్పుడు ఒక్కటే తీయొచ్చు. ఫీజు తక్కువ పడిందని మాత్రం వాటిని ముట్టుకోవద్దు.

ఎఫ్‌డీలో మిగతా 4 లక్షలు చదువుకు వాడుకోండి. ఇంకా కావాల్సిన 36 లక్షల్లో వీలైనంత ఇంటి మీద బ్యాంకు విద్యారుణంగా తీసుకోండి. ప్రభుత్వ బ్యాంకుల్లో వడ్డీ రూపాయి లోపే ఉంటుంది. సెమిస్టర్‌కు ఎంత తీస్తే అంతకే వడ్డీ పడుతుంది, ఈఎంఐ చదువయ్యాకే మొదలవుతుంది. అప్పటిదాకా మీకు మిగిలే డబ్బుతో వడ్డీ కడుతూ రండి. బంగారం తక్కువ పడినదానికే పెట్టండి. లోను మొత్తానికి సరిపడా అబ్బాయి పేరున టర్మ్ జీవిత బీమా పాలసీ తప్పనిసరి.

విదేశీ చదువుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి సాయానికి కుటుంబ ఏడాది ఆదాయం 5 లక్షల లోపుండాలి. మీది 6.60 లక్షలు, దానిపై ఆశ వద్దు.

ఇంటి లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదులు, ఐటీ రిటర్నులు పట్టుకుని ఈ వారమే బ్యాంకుకు వెళ్లండి. లోను సమయానికి రాకపోతే సీటును తర్వాతి ఇన్‌టేక్‌కు మార్చమని అబ్బాయి చేత యూనివర్సిటీకి మెయిల్ పెట్టించండి.