సైకిల్‌కి గాలి కొట్టిన అమ్మాయి గురించి రాయి

అమ్మాయీ,

నువ్వు పంపిన యాత్రా వ్యాసాలన్నీ చదివాను. ప్రాగ్, వియన్నా, స్ట్రాస్‌బర్గ్, బాసెల్, మధ్యలో బ్లాక్ ఫారెస్ట్‌లో నడకలు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో చదువుకుంటూ ఒక్క వింటర్ సెమిస్టర్‌లోనే ఇంత తిరిగావంటే ముచ్చటేసింది. నీ వాక్యం సాఫీగా నడుస్తోంది, ఆ విషయంలో నాకు ఏ బెంగా లేదు. నేను చెప్పాలనుకున్నది వేరే.

ప్రాగ్‌లోని చార్లెస్ వంతెనకి నాలుగు పేజీలిచ్చావు. 1357లో కట్టడం మొదలుపెట్టారనీ, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలున్నాయనీ రాశావు. అన్నీ నిజాలే. అక్కడికి వెళ్ళొచ్చిన ఎవరైనా అవి రాయగలరు. ఆ వ్యాసం చివర, తిరుగు బస్సు సంగతి చెబుతూ ఒక మాట అనేసి వెళ్ళిపోయావు: "తెల్లారి గదికి చేరేసరికి మా ఫ్లాట్‌మేట్, ఆ కొలంబియా అమ్మాయి, నా సైకిల్‌కి గాలి కొట్టి పెట్టింది." నేను అక్కడే ఆగిపోయాను. టైర్లో గాలి లేదని ఆమెకెలా తెలుసు? ఆ రోజు పొద్దున్నే నీకు క్లాసుందని గుర్తుపెట్టుకుందా? అప్పటికి మీ ఇద్దరికీ పరిచయం ఎంత? దేనికీ జవాబు లేదు. తర్వాతి పేజీకల్లా నువ్వు బాసెల్ రైలెక్కేశావు.

చదువుకోడానికి పరాయి దేశం వెళ్ళినవాళ్ళు ఊళ్ళు తిరిగేది ఎక్కువగా శని, ఆదివారాల్లో. మనుషులు దగ్గరయ్యేది మాత్రం మిగతా రోజుల్లో, అదీ వంటింట్లో. ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్ళది. ఈ వారం బాత్‌రూమ్ ఎవరు కడగాలో తలుపు మీద అంటించిన కాగితం చెబుతుంది. జర్మనీలో ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి, శనివారం సరుకులు తెచ్చుకోవడం మర్చిపోయినవాళ్ళు మర్నాడు పక్కవాళ్ళ అర వైపు చూడాల్సిందే. ఆమె నీతో మొదటిసారి నాలుగు మాటలు మాట్లాడింది అలాంటి ఆదివారమేనా? నాకు తెలియాలి. ఆ అరలో ఏముంది, ఆమె ఏం తీసి ఇచ్చింది, నువ్వు మొహమాటపడ్డావా, తర్వాత తిరిగి ఏం కొనిచ్చావు, ఇవన్నీ కావాలి. వంతెన మీది విగ్రహాల కన్నా వీటి మీద నాకు ఆసక్తి ఎక్కువ.

అలాగని ప్రయాణాలు రాయొద్దని కాదు. వాటిని ఈ మనుషులకి కలిపి రాయి. బాసెల్‌లో దిగగానే ఫోన్‌లో డేటా ఆగిపోయిందని విసుక్కున్నావు. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో, అంటే సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే దేశాల కూటమిలో, ఉంది గానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. వేరే సభ్య దేశంలో ఫోన్ వాడినా అదనపు ఛార్జీ వేయకూడదని 2017లో యూనియన్ తెచ్చిన రోమింగ్ నియమం అక్కడికి వర్తించదు, అందుకే చాలామందికి అలా అవుతుంది. ఈ కారణం ఒక వాక్యంలో చెప్పేసి అసలు సంగతికి రా. ఆ సాయంత్రం రైన్ ఒడ్డున కూర్చుని ఎవరికి మెసేజ్ పెట్టాలనుకుని పెట్టలేకపోయావు? ఇంటికా, ఫ్లాట్‌మేట్‌కా, "ఒక స్నేహితుడు" అని మాత్రమే రాసిన ఆ అబ్బాయికా? కొత్త ఊరు చూడగానే ముందు ఎవరికి చెప్పాలనిపిస్తుందో, ఆ పేరు మారినప్పుడే నీ జీవితంలో ఏదో మారింది. బాసెల్ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

స్ట్రాస్‌బర్గ్ వ్యాసంలోనూ అంతే. ట్రామ్ 2017 నుంచి రైన్ దాటి జర్మనీ వైపున్న కేల్ దాకా నడుస్తోంది, దేశం మారినట్టే తెలియదని సంబరపడ్డావు. నీ పక్కన కూర్చున్న జర్మన్ స్నేహితుల మాటేమిటి? వాళ్ళకి లెక్కలేమీ లేవు. నీకు మాత్రం జర్మనీ ఇచ్చిన నివాస పర్మిట్ మీద మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. పైగా ఆ కార్డు మీద గడువు తేదీ అచ్చయి ఉంటుంది. ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుని, వచ్చే వేసవి గురించి ఒకరు నిశ్చింతగా ప్లాన్ వేస్తుంటే ఇంకొకరు లోపల తేదీలు లెక్కపెట్టుకుంటారు. ఆ స్నేహం లోపల ఉండే టెన్షన్ అది. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

ఇంకొకటి. కొత్త బంధాల గురించి రాసేవాళ్ళు పాత బంధాల్ని పక్కన పెట్టేస్తారు. చలికాలంలో నీకు సాయంత్రం ఐదైతే ఇండియాలో తొమ్మిదిన్నర. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు ముందుకి జరపగానే ఆ తేడా మూడున్నర గంటలకి తగ్గుతుంది. సరిగ్గా ఆ ఐదింటికే ఫ్లాట్‌మేట్ డ్రైజామ్ నది ఒడ్డున నడుద్దాం రమ్మంటుంది. ఇంటికి చేయాల్సిన ఫోన్ రేపటికి పోతుంది, రేపు ఎల్లుండికి పోతుంది. అవతల ఎవరో మేలుకుని ఉన్నారు. వాళ్ళని కూడా పేజీలోకి తీసుకురా. అప్పుడే ఆ నడక నీకు ఎంత ముఖ్యమో పాఠకుడికి తెలుస్తుంది.

సంభాషణల దగ్గర జాగ్రత్త. మీరిద్దరూ మాట్లాడుకునేది ఇద్దరికీ సొంతం కాని భాషలో. నువ్వు రాసినచోట మాత్రం ఇద్దరూ ఉపన్యాసాలిస్తున్నట్టుంది. అలా మాట్లాడుకుని ఉండరు. మాటలు చాలనప్పుడు మనుషులు చేతులతో చూపిస్తారు, ఫోన్‌లో ఫొటో వెతికి చూపిస్తారు, ఒకటంటే ఇంకొకటి అర్థం చేసుకుని నవ్వుతారు, ఒక్కోసారి విసుగొచ్చి లేచి వెళ్ళిపోతారు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ ఇబ్బందిని చక్కదిద్దకు.

ఆ "స్నేహితుడి" విషయం. ఇంట్లోవాళ్ళు చదువుతారన్న భయంతో సగం దాచావని అర్థమైంది. ఆ భయం నాకు చిన్నదిగా కనిపించలేదు. కానీ సగం కనిపించే మనిషి వల్ల వ్యాసమంతా అనుమానంగా తయారవుతుంది. రాస్తే అతని మొహం, అతని మాట, మీ తగువు, అన్నీ రాయి. ఇప్పుడు వద్దనుకుంటే పూర్తిగా తీసెయ్, కొన్నాళ్ళాగి రాసుకో, ఏమీ కొంప మునగదు.

నువ్వు రాస్తున్న మనుషులకి తెలుగు రాదు. వాళ్ళ గురించి ఏం రాసినా వాళ్ళు చదివి "ఇది నిజం కాదు" అనలేరు. అందుకే నీ బాధ్యత రెట్టింపు. అచ్చుకి ఇచ్చేముందు ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీకు కుదిరే భాషలో వాక్యం వాక్యం చెప్పు. వద్దన్నది తీసెయ్. ఈ విషయంలో నేను రాజీ పడను.

ఎవరికి రాస్తున్నట్టు ఊహించుకోవాలని అడిగావు. ఒక్కరికి. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడుగునా చూసినవన్నీ ఒక స్నేహితుడికి తెలియజేస్తూ రాశారు. ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో కూడా విడవలేదు. ఆ మిత్రుడే తర్వాత 1838లో దాన్ని అచ్చు వేయించారు. ఎదుట ఒక మనిషి ఉన్నాడనుకుంటే గొప్పలు పోవడం తగ్గి, పనికొచ్చే వివరం పెరుగుతుంది. ప్రయాణానికి రాలేకపోయిన స్నేహితురాలు ఎవరైనా ఉంటే ఆమెకి రాయి.

ఫ్లాట్‌మేట్ మార్చి 31కి గది ఖాళీ చేస్తోందన్నావు. దేశం వదిలి వెళ్ళేవాళ్ళు మునిసిపల్ ఆఫీసులో తమ అడ్రస్ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి కదా, వీలైతే ఆ పనికి నువ్వూ తోడు వెళ్ళు. ఈలోపు ఆమెనొక ప్రశ్న అడుగు: మొదటి నెలలో నన్ను చూసి ఏమనుకున్నావని. నీకు నచ్చని మాట వచ్చినా అడ్డుపడకు. ఆమె చెప్పింది చెప్పినట్టు అదే రాత్రి రాసుకుని, ఏమీ దిద్దకుండా నాకు పంపు.

ఆశీస్సులతో.