ఎవరో సగంలో వదిలేసిన హెక్సగన్ క్విల్ట్‌ని పూర్తిచేయడం ఎలా?

పాత సామాన్లలో ఒక సంచి కొన్నారు. అందులో కాగితాలు తీయని ఆరు పలకల గుడ్డముక్కలున్నాయి. కొన్ని పూలుగా అతికి ఉన్నాయి, మిగతావి విడివిడిగా ఉన్నాయి. వాటితో మంచం నిండా పరిచేంత క్విల్ట్ (గుడ్డముక్కలు అతికి కుట్టే బొంత) చేయాలని మీ కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

ఇలాంటిదే ఒకటి నేనూ సెకండ్‌హ్యాండ్‌లో కొని పూర్తిచేశాను. నా సలహా ఏంటంటే, ముందు మంచం సంగతి మర్చిపోండి. ఒక్కో పలక అంగుళం పొడవుంటే ముక్క వైశాల్యం సుమారు 2.6 చదరపు అంగుళాలు. అంటే 60 × 80 అంగుళాల దుప్పటికి దాదాపు 1,850 ముక్కలు పడతాయి. మధ్యలో ఒకటి, దాని చుట్టూ 6, ఆ చుట్టూ 12 పెడితే 19 ముక్కల పువ్వు అవుతుంది. సంచిలో అలాంటి పూలు 30 ఉన్నా 570 ముక్కలే. మిగతా 1,280 మీ నెత్తినే పడతాయి. ఈ క్విల్ట్‌లు సగంలో ఆగిపోయేది చాలావరకు ఇందుకేనని నా అనుమానం. అదే 570 ముక్కలతో 38 అంగుళాల చదరం వచ్చేస్తుంది, ఒళ్లో కప్పుకోవడానికి హాయిగా సరిపోతుంది. మొదలుపెట్టినవాళ్లు ఎంత పెద్దది చేయాలనుకున్నారో మనకెందుకండీ? ఉన్నదాన్ని బట్టి సైజు పెట్టుకోండి. నేను అదే చేశాను.

కాగితాలు మాత్రం తొందరపడి పీకకండి. ఈ పద్ధతిలో ముక్కకు ఆకారం ఇచ్చేది ఆ కాగితమే. దాని మీదికి గుడ్డ అంచులు మడిచి కచ్చా కుట్టు వేస్తారు, తర్వాత అంచుకు అంచు కలిపి కుడతారు. ఒక ముక్కకు ఆరు వైపులా పక్క ముక్కలు అతికాకే దాని కాగితం తీయాలి. తీసేటప్పుడు ఒకసారి చదవండి కూడా. నా దాంట్లో బిల్లులు, ఉత్తరాల ముక్కలు వచ్చాయి. కాగితం మీద తేదీ ఉంటే ఆ ముక్కను అంతకంటే ముందు కుట్టలేదని తెలుస్తుంది, అంతే. అదే ఏడాది కుట్టారని మాత్రం చెప్పలేం. డిజైన్‌ని చూసి కాలం చెప్పడం ఇంకా కష్టం. అమెరికాలో గోడీస్ లేడీస్ బుక్ పత్రిక 1835లోనే ఈ ఆరు పలకల నమూనా వేసింది. 1920, 30లలో ఇదే ‘గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్’ పేరుతో తెగ నడిచింది. ఇప్పటికీ కుడుతున్నారు.

తర్వాత గుడ్డ, దారం పరీక్ష. అతుకు దగ్గర రెండు ముక్కల్నీ పట్టుకుని మెల్లగా లాగండి. దారం పుటుక్కుమంటే ఆ అతుకును విప్పక్కర్లేదు, దాని మీదే మళ్లీ కుట్టేయండి. ఎరుపు, ముదురు నీలం ముక్కల మీద తడిపిన తెల్లగుడ్డ అద్ది రంగు దిగుతోందేమో చూడండి. బాగా పాతవైతే గోధుమ, నలుపు రంగు ముక్కల్ని అనుమానించాలి. ఆ రంగు పట్టడానికి వాడిన ఇనుప లవణాలు కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తాయి. వేలితో రాస్తే పొడిగా రాలే ముక్క ఉంటే, దాన్ని ఊడదీసే బదులు అదే సైజు కొత్త ముక్కను పైన పెట్టి చుట్టూ కనపడకుండా కుట్టడం తేలిక. ఉతకడం మాత్రం ఇప్పుడే వద్దు, లోపలి అంచులు పీచు లేస్తాయి.

అసలు చిక్కంతా కొలతలోనే ఉంది. బజార్లో దొరికే రెడీమేడ్ అచ్చు కొనేసి మొదలుపెట్టకండి. పాత ముక్కలు కత్తెరతో కోసినవి, అంగుళం అన్నది నిజంగా అంగుళం కాకపోవచ్చు. ముక్కకు అర మిల్లీమీటరు తేడా ఉన్నా, వరుసలో 20 ముక్కలకు సెంటీమీటరు అవుతుంది. అప్పుడు క్విల్ట్ మధ్యలో అప్పడంలా ఉబ్బి కూర్చుంటుంది, ఎంత ఇస్త్రీ చేసినా లొంగదు. ఓ పది పాత కాగితాలు దొంతరగా పెట్టి, వాటిలో ఎక్కువ వాటితో సరిపోయేదాన్నే అచ్చుగా తీసుకోండి. కొత్త కాగితాలన్నీ దాంతోనే గీయాలి, పాతదాని నకలుకు నకలు తీస్తూ పోతే సైజు పెరిగిపోతుంది.

కొత్త గుడ్డను పాతదానితో కలపాలని పాకులాడటం నాకు నచ్చదు. ఎంత వెతికినా తేడా కనబడుతుంది. పూల మధ్య దారికి, అంటే పువ్వును పువ్వును విడదీసే ముక్కల వరుసకు, మొత్తం ఒకే సాదా రంగు నూలు గుడ్డ వాడండి, కావాలనే పెట్టినట్టుంటుంది. 19 ముక్కల పువ్వు చుట్టూ దారికి 18 పడతాయి. పక్క పువ్వుతో దారి పంచుకుంటారు కాబట్టి మొత్తానికి తక్కువే అవుతాయి.

కుట్టేటప్పుడు రెండు ముక్కల్ని మంచివైపులు లోపలికి ఉండేలా కలిపి పట్టుకోండి. సూది మడత అంచున రెండు మూడు పోగుల్నే పట్టాలి, కాగితానికి తగలకూడదు. సూది కాగితంలో దిగితే చేతికి ఆ బిరుసు తెలిసిపోతుంది. అంగుళానికి 16 కుట్ల దాకా వేస్తే గట్టిగా ఉంటుంది. మూడు ముక్కలు కలిసే మూలలో ఒక కుట్టు ఎక్కువ వేయండి. అక్కడ ముక్కను మధ్యకు మడవాల్సి వస్తే మడవండి, కాగితానికేం కాదు.

చుట్టూ రంపం పళ్లలా వచ్చే అంచుకు పైపింగ్ వేయాలని చూడకండి, ప్రతి లోపలి మూలా ఏడిపిస్తుంది. నేను చివరి వరుసను బాగా ఇస్త్రీ చేసి, కాగితాలు తీసి, ఆ పళ్లను వెడల్పాటి బోర్డరు గుడ్డ మీద పెట్టి చేత్తో కుట్టాను. తిన్నగా కోసేయాలనుకుంటే, కోసే గీతకు కాస్త లోపలగా ముందు మిషను కుట్టు వేయండి. లేకపోతే కోసిన చోట చేతికుట్లు ఊడిపోతాయి.

లోపల పల్చటి కాటన్ బ్యాటింగ్ (పై గుడ్డకూ అడుగు గుడ్డకూ మధ్య పరిచే దూది పొర) చాలు. ప్రతి ముక్కలోనూ పావు అంగుళం లోపలగా కుట్టడం పాత పద్ధతి. అందంగానే ఉంటుంది, ఓపిక ఉంటే చేయండి. నేను పువ్వు అంచు వెంట, మధ్య ముక్క చుట్టూ కుట్టి ఊరుకున్నాను. కుట్టుకు కుట్టుకు మధ్య ఎంత ఎడం ఉండొచ్చో బ్యాటింగ్ ప్యాకెట్ మీద ఉంటుంది, అది దాటకపోతే చాలు.

మీ ముక్కల పలక పొడవెంతో, పూలెన్ని ఉన్నాయో రాయండి. ఎంత సైజు వస్తుందో లెక్కేసి చెప్తాను.