రెండు ఇంజన్ల విమానం మొదలుపెట్టే ముందు

చిరంజీవి సుధకి, పెదనాన్న ఆశీస్సులు.

రేడియోతో ఎగరేసే ఒంటి ఇంజన్ మోడల్ విమానం మీద చెయ్యి బాగా కుదిరిందనీ, ఇక రెండు ఇంజన్లది కట్టాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం. రెండు మోటార్లు ఒకే శ్రుతిలో తిరుగుతుంటే వచ్చే ఆ మోత కోసమైనా ఈ పని చెయ్యాల్సిందే. కానీ నీ ఉత్తరంలో బ్యాటరీ ఎంత, ప్రొపెల్లర్ ఎంత అని అడిగావే గానీ, గాల్లో ఒక మోటార్ ఆగిపోతే ఏం చెయ్యాలో అడగలేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక పక్క మోటార్ ఆగినా రెండోది లాగుతూనే ఉంటుంది. అది విమానం మధ్యలో లేదు, రెక్క మీద పక్కగా ఉంది. కాబట్టి ముక్కు ఆగిన మోటార్ వైపు తిరిగిపోతుంది. దాన్ని నిలబెట్టాల్సింది రడ్డర్, అంటే తోక మీద నిలువుగా ఉండి ముక్కుని పక్కలకి తిప్పే పలక. రడ్డర్ బలం వేగం మీద ఆధారపడుతుంది: వేగం సగమైతే బలం పావు వంతుకి పడిపోతుంది. మోటార్ లాగుడు మాత్రం వేగం తగ్గితే తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది కూడా. టేకాఫ్ అయిన వెంటనే ముక్కెత్తి ఎక్కించేటప్పుడూ, ల్యాండింగ్‌కి నెమ్మదిగా వస్తూ ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ (మోటార్ జోరు పూర్తిగా) ఇచ్చినప్పుడూ విమానాలు తిరగబడి నేలకి కొట్టుకునేది ఇందుకే.

నువ్వు చెప్పకుండా ముక్కు పక్కకి తిరిగిందా, ముందు థ్రాటిల్ కిందికి లాగెయ్. ఏ మోటార్ ఆగిందో తర్వాత చూసుకోవచ్చు. నేల మీద నిలబడి చూసేవాళ్లకి అది వెంటనే తెలియదు కూడా. థ్రాటిల్ తగ్గగానే రెండు పక్కలా లాగుడు సమానమై విమానం మళ్లీ మాట వింటుంది. ముక్కు కొంచెం దించి వేగం నిలుపుకో, రెక్కలు సమంగా ఉంచు, ఎదురుగా ఉన్న ఖాళీలో దించేయ్. రెక్క వాలిందని కంగారుపడి ఎయిలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) గట్టిగా కొట్టకు. వాలిన రెక్క మీద ఎయిలెరాన్ కిందికి దిగితే ఆ పక్క గాలి నిరోధం పెరిగి ముక్కు ఇంకా అటే తిరుగుతుంది, నెమ్మదిగా ఉంటే ఆ రెక్క స్టాల్ కూడా అవుతుంది, అంటే విమానాన్ని పైకి నిలిపే బలం కోల్పోతుంది. అక్కడ పని రడ్డర్‌ది. నీ చేతిలోని రేడియో పెట్టె మోడ్ 2 ట్రాన్స్‌మిటర్ కదా, థ్రాటిలూ రడ్డరూ రెండూ ఎడమ బొటనవేలి కిందే ఉంటాయి. ఒంటి ఇంజన్ విమానంలో చాలామంది ఆ వేలిని సోమరిగా వదిలేస్తారు. ఇప్పుడున్న మోడల్‌తోనే ప్రతి మలుపులో రడ్డర్ వాడి దానికి పని నేర్పు.

ఇక విమానం. మొదటిది ఫోమ్‌తో చేసినది, ఎలక్ట్రిక్‌ది తీసుకో. రెక్క బాడీకి పైన ఉండాలి, ముక్కు చక్రం ఉండాలి, మోటార్లు బాడీకి వీలైనంత దగ్గరగా ఉండాలి, రడ్డర్ పెద్దదిగా ఉండాలి. ట్విన్ ఆటర్ అనే చిన్న ప్రయాణికుల విమానం ఆకారం ఇందుకు చక్కగా సరిపోతుంది. డకోటా, మస్కిటో లాంటి పాత యుద్ధకాలపు విమానాలు ఎంత అందమైనవైనా వాటికి తోక చక్రం. పరుగు మొదట్లోనే పక్కలకి లాగుతాయి. అవి తర్వాతి సంగతి. గ్లో ఇంజన్లు (ద్రవ ఇంధనంతో నడిచే చిన్న మోడల్ ఇంజన్లు) కూడా అంతే. రెండు ఇంజన్లనీ విడివిడిగా ట్యూన్ చేసి, ఇంధనం సర్దే నీడిల్‌ని కాస్త రిచ్‌గా, అంటే ఇంధనం కొంచెం ఎక్కువ వచ్చేలా ఉంచి, ముక్కు పైకెత్తి పట్టుకున్నా ఆగకుండా తిరిగేలా చూసుకోవడం ఒక పెద్ద విద్య.

వైరింగ్ దగ్గర తొందరపడకు. మోటార్‌కొక ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) ఉంటుంది, రెండిట్లోనూ రిసీవర్‌కి (విమానంలో రేడియో ఆజ్ఞలు అందుకునేది) కరెంటిచ్చే బీఈసీ ఉంటే ఒకదాని నుంచి రిసీవర్‌కి వెళ్లే ఎర్ర వైరు తీసెయ్, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకోకూడదు. మోటార్ రెక్క మీద దూరంగా ఉందని బ్యాటరీ వైర్లు పొడిగించకు, మోటార్ వైర్లు మూడూ పొడిగించు. బ్యాటరీ వైపు పొడవు పెరిగితే ఈఎస్‌సీ కాలిపోయే ప్రమాదం ఉంది. ఒక్కో మోటార్ 20 ఆంపియర్లు తీసుకుంటే బ్యాటరీ 40 ఇవ్వాలి. 2200 ఎంఏహెచ్ (2.2 ఆంపియర్-అవర్), 25సీ (దానికి 25 రెట్ల కరెంటు) అని రాసి ఉన్న ప్యాక్ కాగితం మీద 55 ఇస్తుంది, కొంచెం మిగులు ఉన్నట్టు.

ప్రొపెల్లర్లు తీసేసి రెండు ఈఎస్‌సీలకీ థ్రాటిల్ కాలిబ్రేషన్ చెయ్, అంటే స్టిక్ కింది హద్దూ పై హద్దూ వాటికి నేర్పు. తర్వాత రెండు మోటార్ షాఫ్ట్‌లకీ చిన్న టేపు ముక్క జెండాలా అంటించి స్టిక్‌ని ఒక్కో క్లిక్ చొప్పున పైకి జరుపు. రెండు జెండాలూ ఒకే క్లిక్ దగ్గర కదలాలి. ఒకటి ముందు కదిలి రెండోది రెండు క్లిక్‌ల తర్వాత లేచిందంటే మళ్లీ మొదటి నుంచి చెయ్, సర్దుకుంటుందిలే అనుకోకు.

రెండు మోటార్లూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగేలా పెట్టుకుంటే మంచిదే. మూడు వైర్లలో ఏ రెండైనా మారిస్తే మోటార్ తిరగేసి తిరుగుతుంది. కానీ ఆ పక్కకి రివర్స్ ప్రొపెల్లరే వెయ్యాలి, దాని మీది అంకెలు ముందుకే కనిపించాలి. ఆ పక్క మామూలు నట్ తిరుగుడుకి వదులవుతుంది. లాక్‌నట్ వెయ్, ప్రతిసారీ ఎగరేసే ముందు చేత్తో పట్టి చూడు.

ప్రొపెల్లర్లు బిగించి, ఎవరినైనా వెనక నుంచి గట్టిగా పట్టుకోమని చెప్పి, ఒక్కో పక్క ఫుల్ థ్రాటిల్‌లో ఎంత కరెంటు తీసుకుంటోందో వాట్ మీటర్‌తో కొలువు. చెయ్యి ఒక ప్రొపెల్లర్ దగ్గర పెట్టినప్పుడు రెండోది నీ మోచేతి దగ్గరే ఉందని మర్చిపోకు తల్లీ. దీన్ని తేలిగ్గా తీసుకుంటే నేను ఊరుకోను.

మొదటి టేకాఫ్‌లో థ్రాటిల్ నెమ్మదిగా పెంచు, వేగం బాగా అందుకునేదాకా ముక్కెత్తకు, లేచాక కూడా తక్కువ వాలుతో ఎక్కనివ్వు. టైమర్ 5 నిమిషాలకి పెట్టుకో. బ్యాటరీ నీరసిస్తే రెండు ఈఎస్‌సీలూ ఒకేసారి ఆపవు. ఒకటి ముందు కట్ చేస్తుంది, మనం తప్పించుకోవాలనుకున్న ఆపద సరిగ్గా ల్యాండింగ్‌లో వచ్చి పడుతుంది.

ఆ విమానం అలవాటయ్యాక రెండు ఈఎస్‌సీలనీ రెండు వేరు ఛానళ్లకి కలుపు, ఒక మోటార్‌ని ఆపే స్విచ్ పెట్టుకో. 80, 100 మీటర్ల ఎత్తున, సగం థ్రాటిల్‌లో ఆపి చూడు. అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉన్నప్పుడే సుమా. రడ్డర్ చెయ్యి దానంతటదే కదిలేదాకా చేస్తూ ఉండు.

మోటార్లూ ప్రొపెల్లర్లూ ఎంచుకున్నాక వాట్ మీటర్ అంకెలు రెండు పక్కలవీ రాసి పంపు. ఒక ఆంపియర్ కంటే ఎక్కువ తేడా వస్తే ఎగరేయకుండా ముందు నాకు ఫోన్ చెయ్.

నీ పెదనాన్న