కౌంటర్‌ మీది అంకె, నీళ్లలోని గుండు

(ఈసారి ప్రశ్నలన్నీ ఎలక్ట్రిక్ డౌన్‌రిగ్గర్ గురించే. బోటు నడుస్తుండగా ఎరను కావలసిన లోతులో లాక్కెళ్లడానికి సీసపు గుండును సన్నని ఉక్కు తీగతో దించి, మోటారుతో పైకి చుట్టుకునే యంత్రం ఇది. గాలం దారం గుండు దగ్గర ఒక క్లిప్పులో ఉంటుంది. చేప లాగగానే క్లిప్పు వదిలేస్తుంది.)

ప్రశ్న: లేక్ మిషిగన్‌లో ఆగస్టులో సాల్మన్‌కి వెళ్తున్నాం. సోనార్‌లో (ధ్వని తరంగాలతో నీటి లోపలున్నవి చూపే పరికరం) చేపలు 80 అడుగుల దగ్గర కనిపిస్తున్నాయి. 10 పౌండ్ల గుండు కట్టి కౌంటర్‌లో 80 వచ్చేదాకా దించుతున్నాం. పక్క బోట్లకి పడుతున్నాయి, మాకు పడటం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, మస్కీగన్

జవాబు: కౌంటర్ చూపేది వదిలిన తీగ పొడవును, లోతును కాదు. బోటు కదులుతుంటే నీరు గుండునీ తీగనీ వెనక్కి నెడుతుంది. తీగ నిట్టనిలువు నుంచి 20 డిగ్రీలు వాలితే 80 అడుగుల తీగకి లోతు 75 అడుగులు. 30 డిగ్రీలైతే 69. 45 డిగ్రీలైతే 57 దాటదు. నీటి అడుగున తీగ వంపు తిరుగుతుంది కాబట్టి ఇవి అంచనాలే, అయినా కౌంటర్ అంకె కన్నా చాలా నయం. సాల్మన్ తన పైనున్న ఎర కోసం లేచి వస్తుంది గానీ కిందనున్న దాని కోసం దిగడం తక్కువ. అందుకని ఎర చేపకన్నా ఐదారడుగులు పైన ఉంటే మంచిదే. ఇరవై అడుగులు పైన ఉంటే మాత్రం దానికి అందదు.

ఇంకా తీగ వదిలితే సరిపోతుందనుకోకండి. తీగ పెరిగేకొద్దీ దాన్ని నీరు వెనక్కి నెట్టే బలం పెరిగి ఇంకా వాలుతుంది. 12 లేదా 15 పౌండ్ల గుండుకి మారండి. మీ యంత్రం, దాని బూమ్ (తీగను బోటు బయటికి పట్టుకునే చేయి) ఆ బరువుకి తగినవో లేదో ముందు చూసుకోండి.

వేగం సంగతి ఇంతకన్నా ముఖ్యం. చినూక్ రకం సాల్మన్‌కి సాధారణంగా గంటకి 2 నుంచి 2.8 మైళ్లు నడుపుతారు. కానీ జీపీఎస్ చెప్పేది బోటు వేగం. 80 అడుగుల కింద ప్రవాహం వేరే దిక్కున ఉండొచ్చు. ఉత్తరానికి వెళ్తుంటే పడి, దక్షిణానికి తిరిగితే పడకపోవడానికి తరచుగా కారణం ఇదే. చేప తగిలిన క్షణంలో తీగ ఎంత వాలి ఉందో గుర్తుపెట్టుకోండి. ఏ దిక్కుకి తిరిగినా మళ్లీ ఆ వాలు వచ్చేలా ఇంజిన్ సర్దండి. లోతులోని వేగం గురించి ఖర్చు లేకుండా దొరికే సమాచారం అది.

సోనార్‌లో గుండు కనిపించడం లేదని కంగారు పడొద్దు. 20 డిగ్రీల కిరణం 80 అడుగుల లోతులో 28 అడుగుల వెడల్పే చూస్తుంది. వెనక్కి వాలిన గుండు దాని బయట ఉంటుంది.

చివరగా, కౌంటర్ నిజానికి తీగ చుట్టి ఉండే డ్రమ్ము చుట్లను లెక్కపెడుతుంది. పాడైన తీగ కొంత కత్తిరించేశారా? చుట్టు చిన్నదై కౌంటర్ ఎక్కువ చూపిస్తుంది. గాలీ అలలూ లేని రోజున ఆపిన బోటు నుంచి, లోతు తెలిసిన చోట గుండును అడుగుకి ఆనించి అంకె సరిచూడండి.

ప్రశ్న: చిన్న చేప పడినా క్లిప్పు విడవదు, తెలియకుండా లాక్కెళ్తున్నాం. వదులు చేస్తే దించేటప్పుడే ఊడిపోతోంది.
– మిల్వాకీ

జవాబు: దించే పద్ధతిలో తేడా ఉంది. ఎరను 15–20 అడుగులు వెనక్కి వదిలి, దారాన్ని క్లిప్పులో పెట్టి, రీలు డ్రాగ్ (దారం జారకుండా పట్టే బిగువు) బాగా తగ్గించి, దారం జారుతుంటే టిక్కుటిక్కుమనే క్లిక్కర్ వేసి నెమ్మదిగా దించండి. వేగంగా దించితే రీలు అందుకోలేక దారం బిగిసి ఊడుతుంది. లోతుకి చేరాక డ్రాగ్ పెంచి, రాడ్డు బాగా వంగేదాకా చుట్టండి. రాడ్డు వంగి ఉంటే చిన్న చేప లాగినా దాని కొస వణుకుతుంది, క్లిప్పు విడిచిన క్షణంలో దారం వదులవదు. పట్టు ఎంత ఉందో గుండు దించకముందే చేత్తో లాగి చూడండి.

ప్రశ్న: మొదట్లో మోటారు గుండును చకచకా లేపేది. ఇప్పుడు ఈడుస్తోంది, ప్లగ్గు వేడెక్కుతోంది. మోటారు పోయిందా?
– గ్రీన్ బే

జవాబు: ముందు వైరు చూడండి. బ్యాటరీ 20 అడుగుల దూరంలో ఉంటే కరెంటు పోయిరావడానికి 40 అడుగుల రాగి. 14 గేజ్ వైరులో (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) 20 ఆంపియర్లు పారితే దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి. 10 గేజ్‌లో 0.8, 8 గేజ్‌లో అర వోల్టు. ప్లగ్గు పిన్నులకి పచ్చటి చిలుము పడితే నష్టం ఇంకా పెరుగుతుంది, వేడి పుట్టేది అక్కడే. గుండు లేస్తుండగా ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 12.4 ఉండి ఇక్కడ 11కి దిగితే దోషం మోటారుది కాదు. యంత్రంతో వచ్చిన పుస్తకం చెప్పిన సైజు సర్క్యూట్ బ్రేకర్‌ను బ్యాటరీకి ఆనుకునే పెట్టండి. ప్లగ్గు దగ్గర పెడితే మధ్యనున్న వైరుకి రక్షణ ఉండదు.

ప్రశ్న: ఇక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో గుండు అడుగున రాళ్లలో ఇరుక్కుంటే ఏం చేయాలి?
– సియాటిల్

జవాబు: డ్రమ్ము బ్రేకు ముందే సరిగ్గా పెట్టి ఉండాలి. గుండు వేలాడుతున్నప్పుడు నిలవాలి, గుండును చేత్తో పట్టుకుని గట్టిగా కిందికి లాగితే తీగ జారాలి. బిగించేసి వదిలితే ఇరుక్కున్నప్పుడు బోటు వెనక అంచును తీగ కిందికి లాగుతుంది, అలలున్న రోజున నీళ్లు లోపలికొస్తాయి.

ఇరుక్కోగానే గేరు న్యూట్రల్‌లో పెట్టండి, తీగను జారనివ్వండి. మోటారుతో ఊడదీయాలని చూడొద్దు. మిగతా గాలాలు తీసేసి, వదులైన తీగను చుట్టుకుంటూ వెనక్కి తిరిగి ఆ చోటు దాటి అవతలికి వెళ్లి, వచ్చిన దిక్కుకి ఎదురుగా లేపండి. తీగ ప్రొపెల్లర్ వైపు రాకుండా ఒకరు అదే పనిగా చూస్తుండాలి. తీగను చేత్తో పట్టుకోవద్దు, చేతికి చుట్టుకోవద్దు. గుండుకీ తీగకీ మధ్య తీగకన్నా బలహీనమైన తాడు ముక్క కట్టుకుంటే గుండు పోయినా తీగ, క్లిప్పు దక్కుతాయి. ఉక్కు తీగ తెగే కట్టర్ యంత్రం పక్కనే ఉండాలి. చేపలు కోసే కత్తితో అది తెగదు.