హాంకాంగ్ పోలీసులో డిస్మిస్ అయిన చైనీస్ కానిస్టేబుల్ మళ్లీ ఉద్యోగంలోకి రావాలంటే

1920ల నాటి హాంకాంగ్ మీద నవల రాస్తున్నానని, డిస్మిస్ అయిన చైనీస్ కానిస్టేబుల్ కోర్టుకెళ్లి ఉద్యోగం గెలుచుకోవడం కుదురుతుందా అని అడిగారు. కుదరదు. కోర్టు సీను తీసేసి అర్జీ పెట్టించండి.

కోర్టు ఎందుకు కాదంటే, వలస ప్రభుత్వ ఉద్యోగి రాజు ఇష్టం ఉన్నంతకాలమే ఉద్యోగి. కలోనియల్ రెగ్యులేషన్స్ అనే నిబంధనల పుస్తకం ఉండేది కానీ, అవి గవర్నర్లకిచ్చిన సూచనలే తప్ప ఉద్యోగితో చేసుకున్న ఒప్పందం కాదని వలసల కేసులకు లండన్లో చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1895లో షెంటన్ వర్సెస్ స్మిత్ కేసులో తేల్చేసింది. అది పశ్చిమ ఆస్ట్రేలియాలో పనిచేసిన ఓ డాక్టరు కేసు. హాంకాంగ్‌కీ అదే సూత్రం.

మన మద్రాసు ప్రెసిడెన్సీ కేసులు చదివి ఈ సందేహం వచ్చి ఉంటే, తేడా ఇదీ. 1919 భారత ప్రభుత్వ చట్టంలోనే, నియమించిన అధికారి కంటే కిందివాడు డిస్మిస్ చేయకూడదని రాసి ఉంది. మద్రాసు పోలీసులో సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేసిన రంగాచారి 1930ల్లో ప్రివీ కౌన్సిల్లో నెగ్గింది ఆ మాట పట్టుకునే. అదే రోజుల్లో మద్రాసు గవర్నమెంటు ప్రెస్‌లో పనిచేసిన వెంకటరావు మాత్రం, రూల్స్ ప్రకారం విచారణే జరగకపోయినా ఓడిపోయాడు. పైఅధికారులకు అప్పీలు చేసుకో, దావాకు వీల్లేదన్నారు. మీ కానిస్టేబుల్ పరిస్థితి వెంకటరావుదే.

ఇక అర్జీ. పోలీసు అధిపతి హోదాని 1920ల్లో కెప్టెన్ సూపరింటెండెంట్ అనేవారు, కమిషనర్ అనడం 1930ల చివర్లో మొదలైంది. మొదటి అర్జీ ఆయనకే. ఆయన కాదంటే కలోనియల్ సెక్రటరీ (హాంకాంగ్‌లోనే గవర్నరు కింద పనిచేసే ముఖ్య అధికారి) ఆఫీసు ద్వారా గవర్నరుకి. అక్కడా కాదంటే లండన్లో వలసల మంత్రికి. ఈ చివరి మెట్టు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. లండన్‌కి నేరుగా పోస్టు చేస్తే ఆ కాగితం గవర్నరు రిపోర్టు కోసం తిరిగి హాంకాంగ్‌కే వస్తుంది. కవరు అతికించకుండా, మూడు ప్రతులు గవర్నరుకిచ్చి, పైకి పంపమని కోరాలి. గవర్నరు తన అభిప్రాయం జోడించి పంపుతాడు.

అర్జీలో ఏముండాలి? కాలర్ నంబరు (యూనిఫాం మీద ఉండే పోలీసు నంబరు), చేరిన తేదీ, డిస్మిస్ తేదీ, మోపిన ఆరోపణ, విచారించింది ఎవరు, పిలిచిన సాక్షులు, పిలవనివ్వని సాక్షులు, పాత మెచ్చుకోళ్లు, చివర్లో ఏం కోరుతున్నాడో ఒకే వాక్యం. నంబరు తప్పు రాయకండి, అందులోనే మనిషి జాతి తెలిసిపోతుంది: ఎ అంటే యూరోపియన్, బి అంటే భారతీయుడు, సి అంటే కాంటనీస్ మాట్లాడే చైనీస్, డి అంటే షాన్‌డాంగ్‌ వాడు. ఈ డి వాళ్లని 1922 నావికుల సమ్మె తర్వాత, అప్పుడు బ్రిటిష్ లీజులో ఉన్న షాన్‌డాంగ్ రేవు వైహైవై నుంచి తెచ్చారు. స్థానిక చైనీయుల మీద ప్రభుత్వానికి నమ్మకం సడలడమే కారణం. కాబట్టి సమ్మె రోజుల్లో డ్యూటీ వదిలి వెళ్లిన సి నంబరు మనిషికి, నిద్రపోతూ దొరికిన మనిషికంటే దారి ఇరుకు. లంచం అయితే ఇంకా కష్టం. 1897లో జూదశాలల మామూళ్లు బయటపడ్డప్పుడు యూరోపియన్లు, భారతీయులు, చైనీయులు మూకుమ్మడిగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, ఆ జ్ఞాపకం పోలీసుశాఖలో చాలాకాలం ఉంది.

అర్జీ ఎవరికి రాసినా ఫైలు మళ్లీ డిస్మిస్ చేసిన అధికారి రిమార్కు కోసం అతని టేబుల్ మీదికే వస్తుంది. నాకు ఈ వ్యవస్థలో అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఇదే. అందుకే "నేను అమాయకుణ్ణి" అన్న అర్జీకి బలం తక్కువ. ఆ అధికారి పరువు పోకుండా ఒప్పుకోగలిగేది, అంటే కొత్త సాక్ష్యం, శిక్ష తగ్గింపు అడిగితే ఆశ ఉంటుంది.

రెండు కోరికలు కలిపేయకండి. ఉద్యోగంలో తిరిగి నిలబెడితే పాత సర్వీసు నిలుస్తుంది, పెన్షను లెక్కకి వస్తుంది. కొత్తగా భర్తీ చేసుకుంటే మళ్లీ మొదటి మెట్టు, పాత ఏళ్లు గాల్లో కలిసినట్టే. మీ కథలో అసలు బేరం ఈ రెండింటి మధ్య పెట్టొచ్చు.

నిజమైన కాగితాలు చూడాలంటే హాంకాంగ్ కంటే ముందు లండన్లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో సి.ఓ. 129 (హాంకాంగ్ గురించి కలోనియల్ ఆఫీసు ఉత్తరప్రత్యుత్తరాలు) శ్రేణి వెతకండి, 1951 దాకా ఉంది. హాంకాంగ్‌లోని పాత ఫైళ్లు చాలావరకు జపాన్ ఆక్రమణలో పోయాయి. క్యూలో కూడా చిన్న ఉద్యోగుల అర్జీలు కొన్ని చట్టం ప్రకారం ధ్వంసం చేశారు. అలాంటప్పుడు ఉత్తరాల రిజిస్టరు చూడండి. అర్జీ లేకపోయినా, ఎవరు, ఎప్పుడు, దేనిగురించి అన్న ఒక్క వరస అందులో మిగిలి ఉండొచ్చు.